పాత గ్రామఫోను పెట్టె, లేచిపోయిన వెనీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా ఇంట్లో మూడు గ్రామఫోను పెట్టెలున్నాయి. ఒకటి తాతది, రెండు పాత సామాన్ల దుకాణంలో దొరికినవి. నేను వడ్రంగిని కాను. నా పెట్టెలను నేనే చెడగొట్టుకుంటూ పని నేర్చుకున్నవాణ్ని. ఏటా మొదటి వాన పడగానే ఫోన్లు మొదలవుతాయి. ఒకరు కరీంనగర్ నుంచి, ఒకరు జగిత్యాల నుంచి, ఒకరు ములుగు నుంచి. అడిగే మనుషులు మారతారు గానీ అడిగేది మారదు: పెట్టె చెక్క మీద అతికించిన పలచటి మంచి చెక్క పొర, అంటే వెనీర్, లేచిపోతోంది, ఏం చేయాలి అని. అందుకే ఒక్కచోట రాసిపెట్టాను. ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే ఉంచాను. మీ పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చదువుకోండి.

## అటక మీది నుంచి దింపగానే

మాది ఫోనోగ్రాఫా, గ్రామఫోనా? ముందుగాల పేరు తెల్వాలె గదా!

ఎడిసన్ 1877లో చేసిన ఫోనోగ్రాఫ్ గొట్టం లాంటి సిలిండర్ మీద పాడుతుంది. పదేళ్ల తర్వాత, 1887లో, బెర్లినర్ తెచ్చిన గ్రామఫోను బల్లపరుపు ప్లేటు మీద పాడుతుంది. అమెరికావాళ్లు రెండింటినీ ఫోనోగ్రాఫ్ అన్నారు, మనవాళ్లు రెండింటినీ గ్రామఫోను అన్నారు. చెక్క పనికి ఈ తేడాతో పనిలేదు. పనికొచ్చే సంవత్సరం 1906. ఆ ఏడాది విక్టర్ కంపెనీ విక్ట్రోలా పేరుతో బూరను పెట్టె లోపలికి మడిచేసింది. అప్పటిదాకా యంత్రంగా ఉన్నది అప్పటి నుంచి హాల్లో పెట్టుకునే బీరువా అయింది. నునుపుగా, అందంగా కనిపించాలి కాబట్టి వెనీర్ వాడకం కూడా దాంతోనే పెరిగింది.

పెద్ద ఇత్తడి బూర, కింద చతురస్రం పెట్టె. పాతదేనని అమ్మిండు. నిజమేనా?

అనుమానించాల్సిందే. ఈ మధ్య కాలంలో పాత పోర్టబుల్ మెషీన్ల మోటారు తీసి, కొత్త చెక్క పెట్టెలో కూర్చోబెట్టి, పలచటి ఇత్తడి రేకు బూర తగిలించి అమ్ముతున్నారు. బూర మరీ తళతళలాడుతుంటే, బూరను మోసే మెడ మోటుగా ఉంటే, పెట్టె లోపలి చెక్క తెల్లగా కొత్తగా కనిపిస్తుంటే అది షోకేసు బొమ్మే. పాడితే పాడనివ్వండి, పాత వస్తువును బాగుచేస్తున్నామన్న భ్రమ మాత్రం వద్దు. అలాంటి పెట్టెకు ఇక్కడ రాసిన జాగ్రత్తలేవీ అక్కర్లేదు, మీ ఇష్టం వచ్చినట్టు రంగేసుకోండి.

మా బాపు ఇది గట్టి టేకు అంటడు. వెనీర్ అని ఎట్ల తెలుస్తది?

మూత తెరిచి అంచు చూడండి. గట్టి చెక్క అయితే పైన కనిపించే గీతలు అంచు మీదుగా దిగి కిందివైపు కూడా అదే వరుసలో సాగుతాయి. వెనీర్ అయితే అంచు దగ్గర సన్నటి గీత లాగా పొర కనిపిస్తుంది, దాని కింద వేరే రంగు చెక్క ఉంటుంది. ఇంకో గుర్తు: రెండు తలుపుల మీది పువ్వుల్లాంటి గీతలు అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా సరిపోతే, అవి ఒకే దుంగ నుంచి వరసగా తీసిన రెండు పొరలు. వెనీర్ అని తెలిసి బాపు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఖరీదైన పెట్టెలకే మంచి వెనీర్ వేసేవారు. పైగా అడ్డంగా, నిలువుగా పొరలు పేర్చిన పలక గట్టి పలక కంటే తక్కువ వంగుతుంది.

మే నెల ఎండల రెండు దినాలు పెడితే తేమ పోతది గదా?

తేమతో పాటు వెనీర్ కూడా పోతుంది. మన దగ్గర మేలో నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటుంది. ఎండలో పెట్టిన ముదురు రంగు చెక్క చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. పాత బంక అంత వేడికి మెత్తబడుతుంది, పై పొర ఎండి ముడుచుకుంటుంది, కింది చెక్క అంత త్వరగా ముడుచుకోదు. దాంతో అంచులు అప్పడంలా లేస్తాయి. గాలి ఆడే గదిలో, గోడకు జానెడు దూరంగా, నాలుగు ఇటుకల మీద ఎత్తి, తలుపులూ మూతా తెరిచి రెండు మూడు వారాలు వదిలేయండి. ఫ్యాను కూడా నేరుగా తగలకూడదు. అటక మీద 40 ఏళ్లు ఉన్న పెట్టెకు 20 రోజులు ఒక లెక్క కాదు.

సన్నటి పొడి రాలుతున్నది. చెదలేనా? ఇంట్లకు తేవచ్చునా?

చెదలు సాధారణంగా మట్టి గూడు కట్టుకుంటూ వస్తాయి. గుండుసూది తలంత చిల్లుల నుంచి పిండిలా రాలుతుంటే అది చెక్క తొలిచే వేరే పురుగు. ముందు అది బతికే ఉందో లేదో చూసుకోండి. పెట్టెను శుభ్రంగా దులిపి, కింద నల్ల కాగితం పరిచి వారం ఆగండి. కొత్త పొడి పడకపోతే అది పాత కథ. పడితే, నూనె కాకుండా టర్పెంటైన్ లాంటి ఎగిరిపోయే ద్రావకంలో కలిసిన చెక్క మందును సిరంజితో లోపలివైపు నుంచి చిల్లుల్లోకి ఎక్కించి, పెట్టెను పాలిథిన్ షీటుతో చుట్టి రెండు వారాలు వరండాలో ఉంచండి. చేతులకు తొడుగులు తప్పనిసరి. కిరసనాయిలు పోయొద్దు. అది చెక్కలో జిడ్డు వదులుతుంది, ఆ జిడ్డు మీద ఏ బంకా పట్టదు.

## విప్పేటప్పుడు

మెషీన్ తియ్యకుంటనే పని చెయ్యరాదా?

కుదరదు. బరువు సంగతి అటుంచి, పెట్టెను పక్కకు వాల్చగానే మోటారులోని పాత గ్రీజు కారి చెక్క మీద మరక పడుతుంది. ముందు ప్లేటు తిరిగే పళ్లాన్ని వదిలేసి, కీ పూర్తిగా దిగేదాకా తిరగనివ్వండి. స్ప్రింగు బిగుసుకుని ఉన్న మోటారు మీద స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. చాలా వాటిలో కీ పిడిని వెనక్కి తిప్పితే ఊడి వస్తుంది. తర్వాత పై పలక మరలు తీసి, పలకతో సహా మోటారును ఎత్తేయండి. స్ప్రింగు ఉన్న గుండ్రటి డబ్బాను మాత్రం తెరవకండి. అందులో మీటర్ల కొద్దీ ఉక్కు పట్టీ చుట్టుకుని ఉంటుంది, అది చేతివేళ్లను చూసి జాలిపడదు.

మరలను ఎక్కడివి అక్కడివిగా చిన్న పొట్లాలు కట్టి పేరు రాయండి. తీసే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. నేను తీయలేదు, ఒక మర ఇప్పటికీ మిగిలే ఉంది.

ఏండ్ల మురికి ఉన్నది. తడి బట్టతోటి తుడవొచ్చునా?

వద్దు. పగుళ్లలోంచి దిగిన నీళ్లు పాత బంకను నానబెడతాయి. మినరల్ టర్పెంటైన్‌లో మెత్తటి బట్ట తడిపి, పిండి, చిన్న చిన్న భాగాలుగా తుడవండి. మొదటి బట్ట మీద వచ్చే రంగు చూసి పాలిష్ పోతోందని భయపడతారు. అది ఎన్నో ఏళ్ల నూనె చేతుల మరక, అగరొత్తుల పొగ, మైనం. మొండి చోట్ల అన్నిటికన్నా సన్న రకం స్టీల్ ఉన్నితో గీతల వెంబడి మెల్లగా రుద్దండి. సగం మందికి ఈ తుడవడంతోనే పని అయిపోతుంది. కింద దాక్కున్న ఎర్రటి గోధుమ రంగు బయటపడగానే కొత్త పాలిష్ ఆలోచన దానంతటదే పోతుంది.

ఇత్తడి బిళ్లలు చింతపండు పెట్టి తోమితే?

అవి ఇత్తడేనా? చాలా పెట్టెల మీది మడతబందులు, గొళ్లేలు, సౌండ్ బాక్సుల (ముల్లును పట్టుకునే గుండ్రటి భాగాల) మీద నికెల్ పూత, ఖరీదైన వాటి మీద బంగారు పూత ఉండేది. చింతపండు పులుపుతో, పౌడరుతో తోమితే ఆ పూత చెక్కుకుపోతుంది. మెత్తటి బట్టతో తుడిచి వదిలేయండి. బిళ్ల ఏదైనా పోయి ఉంటే పాత దాని నమూనా పట్టుకుని జనగామ దగ్గరి పెంబర్తికి వెళ్లండి. ఇత్తడి రేకు మీద అచ్చు దించడం అక్కడి చేతులకు తరాల పని.

## వెనీర్ అతికించేటప్పుడు

ఎక్కడెక్కడ లేచిందో ఎట్ల దొరకవట్టాలె? కంటికి బాగనే ఉన్నది.

కన్ను కాదు, చెవి పెట్టాలి. చూపుడువేలి గోరుతో పలక అంతటా తట్టుకుంటూ పొండి. అతుక్కుని ఉన్నచోట శబ్దం గట్టిగా, పొట్టిగా వస్తుంది. లేచినచోట ఎండు గుమ్మడికాయ మీద కొట్టినట్టు డొల్లగా వస్తుంది. ఇల్లు సద్దుమణిగాక, రాత్రి పూట చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. డొల్ల వచ్చిన చోటల్లా చిన్న సుద్ద గీత పెట్టండి. కింది అంచు, కాళ్ల పైభాగం, తలుపుల మూలలు తప్పకుండా చూడండి. ఇల్లు కడిగిన నీళ్లు తగిలేది అక్కడే.

ఫెవికాల్ వోసి క్లాంపు బిగిస్తే అయిపాయె గదా?

కొత్త చెక్క మీద ఫెవికాల్‌కు వంక పెట్టను. ఇక్కడి చిక్కు వేరు. పాత పెట్టెల్లో వాడింది జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన వజ్రం బంక. మన వైపు కొందరు సరేష్ అంటారు. ఎండిపోయిన వజ్రం పొర మీద తెల్ల బంక సరిగ్గా కరవదు. పాతదంతా గీకి తీస్తే కరుస్తుంది గానీ, ఈసారి లేస్తే విప్పడం కష్టం. వజ్రం అలా కాదు. వందేళ్ల తర్వాత కూడా వేడి, తడి తగిలితే మెత్తబడుతుంది, కొత్త వజ్రం పాత వజ్రంతో కలిసిపోతుంది. మీ మనవడు మళ్లీ విప్పాల్సి వస్తే మిమ్మల్ని తిట్టుకోడు. క్షణంలో అంటుకునే చిన్న ట్యూబు జిగురు జోలికి మాత్రం పోవద్దు. అది చెక్కలోకి ఇంకి నల్లటి మచ్చ చేస్తుంది, ఆ మచ్చ మీద పాలిష్ నిలవదు.

వజ్రం బంక ఎట్ల కాయాలె? ఎక్కడ దొరుకుతది?

హార్మోనియంలు బాగుచేసే వాళ్లను అడగండి, వాళ్లు ఇంకా వాడతారు. పలుకులను రెట్టింపు చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. ఆ గిన్నెను నీళ్లున్న ఇంకో గిన్నెలో పెట్టి సన్నటి సెగ మీద కరిగించండి. బంక వేడి 60 డిగ్రీల దగ్గర ఉండాలి, ఉడకకూడదు. ఉడికితే బలం చస్తుంది. కుంచె ఎత్తితే తెగకుండా తీగలా జారాలి. చుక్కలుగా పడితే పలచన, ముద్దగా పడితే చిక్కన. వాసన గురించి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

పుస్తకాల్లో ఈ బంక నిమిషంలో గడ్డకడుతుందని ఉంటుంది. అది చలి దేశాల లెక్క. గది 30 డిగ్రీలు దాటాక బంక గడ్డకట్టడానికి బాగా సమయం తీసుకుంటుంది. వరంగల్ వేసవిలో తీరిగ్గా సర్దుకోవచ్చు, కానీ క్లాంపు మాత్రం ఒక రోజంతా తీయకూడదు. డిసెంబరు పొద్దున చేస్తే చెక్కను ముందు హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసుకోండి.

అంచు వెంబడి లేచింది. కింద అంతా మట్టి. ఎట్ల?

మట్టి తీయకుండా బంక పోస్తే మట్టినే అతికించినట్టు. లేచిన పొరను విరగనంత మేరకే ఎత్తి, కింద పలచగా అరగదీసిన యాక్సా బ్లేడు ముక్కను దూర్చి పాత బంక పెళుసులను గీకండి. ఇసుక కాగితాన్ని పట్టీలా కత్తిరించి, గరుకు వైపు కిందికి పెట్టి, లోపలికీ బయటికీ లాగండి. ఊది దుమ్ము తీసేయండి. పొర ఎండి విరుగుతుందనిపిస్తే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన బట్టను కాసేపు పైన పెడితే మెత్తబడుతుంది.

ఇప్పుడు సన్న కుంచెతో లోపలిదాకా వజ్రం పూసి, వేలితో లోపలి నుంచి అంచు వైపు నొక్కుతూ రండి. ఎక్కువైన బంక బయటికి రావాలి. దాన్ని వెచ్చటి తడి బట్టతో అప్పుడే తుడిచేయండి. పైన పాల ప్యాకెట్ కవరు, దాని మీద చదునైన చెక్క ముక్క, ఆపై క్లాంపు. కవరు మర్చిపోతే చెక్క ముక్క కూడా పెట్టెలో భాగమైపోతుంది. క్లాంపును పళ్లు కొరికి బిగించొద్దు. బంకంతా బయటికి పోయి లోపల ఏమీ మిగలదు.

నడిమిట్ల పొక్కు లెక్క ఉబ్బింది. కోసుడు తప్పదా?

ముందు కోయకుండా చూద్దాం. లోపల పాత వజ్రం ఇంకా ఉంటే వేడితోనే కరిగి మళ్లీ పట్టుకుంటుంది. పొక్కు మీద పేపరు కవర్ల గోధుమ రంగు కాగితం పరిచి, ఇస్త్రీ పెట్టెను పట్టు బట్టల దగ్గరి వేడికి పెట్టి, 10 సెకన్లు ఆనించి తీయండి. వెంటనే కాగితం మీద చల్లటి బరువు పెట్టి చల్లారేదాకా ఉంచండి. గోరుతో తట్టి చూడండి. రెండు మూడు సార్లకూ పట్టకపోతే పాత బంక పొడైపోయినట్టు. అప్పుడు పదునైన బ్లేడుతో గీతల వెంబడి, అడ్డంగా కాదు, సన్నగా కోసి, సిరంజితో రెండు వైపులా బంక ఎక్కించి, నొక్కి, బరువు పెట్టండి.

నా మొదటి పెట్టె మూత మీద కాగితం లేకుండానే ఇస్త్రీ పెట్టాను, అదీ కాటన్ వేడిలో. తీసేసరికి లక్క పాలిష్ తెల్లబారి, ఇస్త్రీ పెట్టె ముక్కు ఆకారం అచ్చుగుద్దినట్టు పడింది. మా అవ్వ దాన్ని చూసి "నీ అంగీ అనుకున్నవారా?" అన్నది. ఆ మచ్చ తీయడానికి వారం పట్టింది.

కాళ్ల దగ్గర వంపు ఉన్నది, క్లాంపు కూసుంటలేదు.

సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి గట్టిగా చుట్టండి. లోపలికి తిరిగిన వంపులకు సన్న ఇసుక నింపిన బట్ట సంచి పనికొస్తుంది. ఇసుకను కొంచెం వేడి చేసి పోస్తే బంకకూ మంచిదే.

ఒక ముక్క ఊడిపోయి ఎటో పోయింది. టేకు వెనీర్ తెచ్చి పెట్టొచ్చునా?

ముందు పెట్టె ఏ చెక్కో చూసుకోండి. దిగుమతి పెట్టెలు ఎక్కువగా మహాగని, ఓక్, వాల్‌నట్. టేకు పసుపు మీద ఉంటుంది, దాని గీతలు వేరు. ఎంత రంగు కలిపినా దగ్గరి నుంచి దొరికిపోతుంది. రెండో చిక్కు మందం. పాత వెనీర్ దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది, ఇప్పుడు మార్కెట్లో దొరికేది అందులో సగమే. రెండు పొరలు వేయాలి, లేదంటే పాత విరిగిన పెట్టె నుంచి ముక్క సంపాదించాలి. నేను మూడో పెట్టెను కొన్నదే ఇందుకు.

ముక్కను చతురస్రంగా కోయొద్దు. గీతలకు అడ్డంగా పడిన సరళరేఖను కన్ను వెంటనే పట్టేస్తుంది. పడవ ఆకారంలో, మొనలు గీతల వెంబడి ఉండేలా ముందు అతుకును కోసి, దాన్ని చెడిన చోట పెట్టి చుట్టూ బ్లేడుతో గీయండి. తర్వాత ఆ గీత లోపలున్న పాతదాన్ని తీయండి. బొక్కకు తగ్గట్టు ముక్క కోయడం కంటే ముక్కకు తగ్గట్టు బొక్క కోయడం తేలిక. అతుకు వెంట్రుకవాసి ఎత్తుగా నిలవాలి, ఎండాక ఇసుక కాగితంతో దించుకోవచ్చు.

మా వడ్లాయన "ఇదంత ఎందుకన్నా, మీద సన్‌మైకా ఏద్దాం" అంటున్నడు.

చాయ్ పోసి పంపించండి.

## పాలిష్ పెట్టేటప్పుడు

మెషీన్‌తోటి గీకిస్తే గంటల కొత్తది లెక్క అయితదంట గదా?

గంట కూడా పట్టదు. ఒక్క మిల్లీమీటరు పొర మీద సాండింగ్ మెషీన్ కొన్ని సెకన్లు ఒకేచోట నిలిస్తే కింది చెక్క బయటపడుతుంది. అంచుల దగ్గర ఇంకా త్వరగా. మా తాత పెట్టెకు ఎడమ తలుపు మూలలో అరచేతి వెడల్పున ఇలాంటి తెల్ల మచ్చ ఉంది. ఎవరో మంచి మనసుతోనే చేసిన పని అది. పాత పాలిష్ పూర్తిగా గీకాలన్న నియమం ఎక్కడా లేదు. చేతితో, సన్న కాగితంతో, అతుకులు వేసిన చోట మాత్రమే రుద్దండి.

పాతది ఏ పాలిషో ఎట్ల తెలుస్తది?

మూత కిందో, వెనకో కనబడని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ పెట్టండి. అరనిమిషంలో జిగటగా అయితే లక్క పాలిష్. కాకపోతే ఇంకోచోట ఒక చుక్క థిన్నర్. దానికి మెత్తబడితే లాకర్ (lacquer) అనే పూత. రెండింటికీ చలించకపోతే వార్నిష్. లక్క అయితే మీ పని సులువు, ఎందుకంటే కొత్త పొర పాత పొరలోకి కరిగి ఒకటైపోతుంది.

లక్క పాలిష్ ఎంతకెంత కలపాలె?

100 మిల్లీలీటర్ల స్పిరిట్‌కు 12 గ్రాముల లక్క రేకులు వేస్తే పలచన, 24 గ్రాములు వేస్తే చిక్కన. నేను పలచనతోనే మొదలుపెడతాను. గాజు సీసాలో రాత్రంతా నాననిచ్చి పలచటి బట్టలో వడకట్టండి. సీసా మీద తేదీ రాయండి. ఆరు నెలలు దాటిన ద్రావణం సరిగ్గా ఆరదు, జిగటగా ఉండిపోతుంది. దూది ఉండను పాత కాటన్ పంచె గుడ్డలో చుట్టి, పాలిష్‌లో అద్ది, గీతల వెంబడి ఆగకుండా లాగండి. మధ్యలో ఆపితే గుడ్డ అక్కడే అంటుకుని మచ్చ పడుతుంది. పది పలచటి పొరలు మూడు చిక్కటి పొరల కంటే మేలు.

మన మోదుగు, రేగు చెట్ల మీద లక్క పురుగు పెట్టే జిగురే ఇది. మీ 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు కూడా ఇదే లక్కలో రాతిపొడి కలిపి నొక్కినవి. అంటే పాలిష్ కరిగించే స్పిరిట్ ప్లేటునూ కరిగిస్తుంది. పాలిష్ చేసే గదిలో ప్లేట్లు ఉంచకండి, స్పిరిట్‌తో వాటిని ఎప్పుడూ తుడవకండి.

పాలిష్ పెట్టిన, పొద్దుగూకేసరికి తెల్లగ పొగ లెక్క అయింది!

వాన రోజున పెట్టి ఉంటారు. గాలిలోని తేమ ఆరుతున్న లక్కలో చిక్కుకుంటే అలా అవుతుంది. గీకొద్దు. పొడి రోజు చూసి, గుడ్డను స్పిరిట్‌తో చెమ్మగా చేసి మెల్లగా ఒకసారి లాగితే తేమ వదిలి రంగు తిరిగొస్తుంది. జూలై, ఆగస్టుల్లో నేను పాలిష్ ముట్టను, వెనీర్ పనే చేసుకుంటాను.

మూత లోపల కుక్క బొమ్మ ఉన్నది. దాని మీద కూడ పాలిష్ పెట్టాల్నా?

ముట్టుకోకండి. అది కాగితం మీది నుంచి చెక్క మీదికి దించిన పలచటి బొమ్మ, దాని మీది రక్షణ పొర లక్కదైతే స్పిరిట్ గుడ్డ ఒక్క లాగుతో బొమ్మను తీసుకుపోతుంది. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఫ్రాన్సిస్ బరాడ్ దగ్గర కొన్న చిత్రంలోని నిప్పర్ అనే కుక్క అది. చుట్టూ టేపు వేయకుండా, అట్టముక్క అడ్డం పెట్టుకుని పని చేయండి. పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

అవిసె నూనె రాస్తే మెరుస్తది గదా? కొబ్బరి నూనె?

కొబ్బరి నూనె ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టి కంపు కొడుతుంది. అవిసె నూనె ఆరుతుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఒకవేళ వాడితే ఒక్క జాగ్రత్త: నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోగుపడి నిప్పు దానంతటదే అంటుకోవచ్చు. మన ఎండాకాలంలో మరీను. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి. మెరుపే కావాలంటే కొంచెం మైనం పాలిష్ చాలు.

## ఇంట్లో పెట్టాక

అంత మంచిగ చేసినం, మల్ల ఏప్రిల్‌ల లేచింది. ఎందుకు?

కూలర్ ఎక్కడ ఉంది? ఫోన్ చేసిన చాలామంది ఇళ్లలో జవాబు ఇదే. పగలంతా కూలర్ తడిగాలి పెట్టె పక్కకు కొడుతుంది, రాత్రి ఆపగానే గది ఎండిపోతుంది. చెక్క రోజుకోసారి ఉబ్బి ముడుచుకుంటే ఏ బంకా నిలవదు. పెట్టెను కూలర్ ఎదుటి నుంచి, పడమటి కిటికీ నుంచి, తడి పట్టే గోడ నుంచి జరపండి. ఏసీ గాలి కూడా నేరుగా తగలొద్దు. ఇల్లు కడిగే రోజు కాళ్ల కింద చిన్న చెక్కలు పెట్టండి.

రోజు పాటలు పెట్టొచ్చునా? తలుపులు తెరిచి పెట్టాల్నా, మూసి పెట్టాల్నా?

పెట్టండి, వాడితేనే మోటారు బాగుంటుంది. ఉక్కు ముల్లును ఒక్కో వైపు పాటకు ఒక్కటి చొప్పున మార్చండి, అరిగిన ముల్లు ప్లేటు గాడిని గీకేస్తుంది. బూర లోపలున్న పెట్టెలో ముందు తలుపులే శబ్దం పెంచి తగ్గించే మీట. బారుగా తెరిస్తే వాకిలి దాకా వినబడుతుంది. రాత్రి పది దాటాక మేం రెండు వేళ్ల సందు మాత్రం ఉంచుతాం.